ముక్కు గొట్టం నుంచి నోటి ముద్ద వరకు.. మీ బిడ్డకు ప్రభుత్వ సాయం ఎక్కడ, ఎలా దొరుకుతుంది?

డిశ్చార్జి రోజున ఆస్పత్రిలో మీకు చాలా నేర్పించి పంపుతారు. రైల్స్ ట్యూబ్‌లో పాలు ఎలా పోయాలి, సిరంజి ఎంత ఎత్తులో పట్టుకోవాలి, ముక్కు దగ్గర ప్లాస్టర్ ఎప్పుడు మార్చాలి, పాలు అయ్యాక ఎన్ని నీళ్లతో గొట్టం కడగాలి.. అన్నీ చెబుతారు. ఇంటికొచ్చాక మీ మనసులో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. ఈ గొట్టం ఎప్పుడు తీస్తారు? ఎవరు తీస్తారు? అప్పటిదాకా బిడ్డ నోటికి ఏ పనీ లేనట్టేనా?

రెండు వారాలకని పెట్టిన గొట్టం నెలల తరబడి ఉండిపోవడానికి కొన్నిసార్లు జబ్బు తీవ్రతే కారణం. తీయించే బాధ్యత ఎవరిదో తేలకపోవడం వల్ల ఉండిపోయేవీ ఉన్నాయి. ఫిట్స్‌కు మందులు రాసే డాక్టర్ వేరు, ఫిజియోథెరపీ చేసేవారు వేరు, బరువు చూసేవారు వేరు. మింగడం ఎలా ఉందో చూసేవారి దగ్గరికి వెళ్లమని ఎవరూ చెప్పకపోతే అది అలాగే ఉండిపోతుంది.

మీ బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా, పుట్టిన వెంటనే ఏడవక మెదడుకు ఆక్సిజన్ అందకపోయినా, డౌన్ సిండ్రోమ్ వంటి సమస్య ఉన్నా ఈ కథనం మీకోసమే. గొట్టం నుంచి నోటికి మారే దారి ఎలా ఉంటుంది, ఆ దారిలో తెలుగు రాష్ట్రాల్లో ఉచితంగా అందే సేవలేంటి అన్నది చూద్దాం. ఒక మాట ముందే. గొట్టం తగ్గించే ఏ ప్రయత్నమైనా మీ బిడ్డను చూస్తున్న డాక్టర్‌కు చెప్పాకే మొదలుపెట్టాలి.

అసలు గొట్టం ఎందుకు పెట్టారు?

ఇది అడగడానికి మొహమాటపడొద్దు. కారణాన్ని బట్టే దారి మారుతుంది. నోటి కండరాల మీద పట్టు లేక పాలు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయని పెట్టారా? మింగగలిగినా రోజుకు సరిపడా తాగలేక బరువు పెరగట్లేదని పెట్టారా? న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నప్పుడు తాత్కాలికంగా పెట్టి, తర్వాత దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదా?

మూడో రకం పిల్లల్లో గొట్టం త్వరగా తీయడానికి అవకాశం ఎక్కువ. రెండో రకంలో తగిన ఆహారం, ఓపిక, ఆకలి కలిసి పనిచేస్తాయి. మొదటి రకంలో మాత్రం ఎవరూ తొందరపడకూడదు. ఒకే బిడ్డలో రెండు మూడు కారణాలు కలిసి ఉండొచ్చు కూడా. గ్యాస్ట్రిక్ రిఫ్లక్స్, అంటే తాగినది పైకి తన్నుకు రావడం, గట్టి మలబద్ధకం ఉన్న బిడ్డకు నోట్లో ఏం పెట్టినా వద్దనే అంటుంది. ఫిట్స్ మందుల ప్రభావమూ ఉంటుంది. టోపిరమేట్ ఆకలిని తగ్గిస్తుంది. క్లోబజామ్, క్లోనజిపామ్ లాంటివి మత్తుగా ఉంచుతాయి, చొల్లు పెంచుతాయి. అలాగని మందు మీరే ఆపేయకండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఆకలి తగ్గిందన్న విషయం డాక్టర్‌కు చెప్పండి, డోసు వేళలు మార్చే వీలుందేమో ఆయన చూస్తారు.

పొలమారట్లేదు కదా, ఇంకేం భయం?

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం. నిజానికి పొలమారడం శరీరం చేసే కాపలా పని. గాలి గొట్టంలోకి నీటి చుక్క జారగానే దగ్గు వచ్చి దాన్ని బయటికి తోసేస్తుంది. నాడీ సమస్యలున్న కొందరు పిల్లల్లో ఈ కాపలా బలహీనంగా ఉంటుంది. పాలు ఊపిరితిత్తుల వైపు జారుతున్నా దగ్గు రాదు, మొహంలో ఏ ఇబ్బందీ కనబడదు. 'చక్కగా తాగుతోంది' అనుకుంటాం. నెలకోసారి జలుబు, ఛాతీలో గురగుర, మళ్లీ న్యుమోనియా, మళ్లీ అడ్మిషన్.. ఇలా వరుసగా వస్తుంటే దీన్నే అనుమానించాలి.

తినేటప్పుడో, తిన్న వెంటనేనో గొంతు తడిగా, నీళ్లు నిండినట్టు వినిపిస్తోందా? కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయా? పెదాల రంగు మారుతోందా? శ్వాస వేగం పెరుగుతోందా? ఒక పూట తిండికి అరగంటకు మించి పడుతోందా? వీటిని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఓపీలో డాక్టర్ ముందు బిడ్డ నోరు తెరవకపోవచ్చు. మీ రెండు నిమిషాల వీడియో అప్పుడు బాగా అక్కరకొస్తుంది.

అనుమానం ఉంటే రెండు పరీక్షలున్నాయి. ఒకటి వీడియో ఫ్లోరోస్కోపీ. బేరియం కలిపిన ఆహారం తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు. ఏ చిక్కదనంలో ఉన్న ఆహారం ఏ దారిన పోతోందో అందులో కనిపిస్తుంది. రెండోది ఫీస్. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి గొంతును చూస్తారు. ఇవి ప్రతి ఊళ్లో దొరకవు, ప్రతి బిడ్డకూ అవసరం పడవు. ఎవరికి చేయించాలన్నది మింగడంపై శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్ట్, పిల్లల డాక్టర్ కలిసి నిర్ణయిస్తారు.

అవును, స్పీచ్ థెరపిస్టే. మాటలు రాని బిడ్డకు మాటలు నేర్పేవారి పని ఇదేంటని చాలామంది అనుకుంటారు. మాటకూ మింగడానికీ వాడేది అవే పెదాలు, నాలుక, గొంతు. అందుకే మింగడం కూడా వారి చదువులో భాగం. అయితే అందరికీ పిల్లల మీద అనుభవం ఉండదు. 'ట్యూబ్ ఉన్న పిల్లలతో పనిచేశారా?' అని నేరుగా అడగండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగొచ్చు. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఉచితంగా చూసే టీమ్ ఎక్కడుంది?

చాలామంది నగరవాసులకు తెలియని పేరు డీఈఐసీ. తెలుగులో జిల్లా సత్వర చికిత్స కేంద్రం. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే కింద ఇవి ఏర్పాటయ్యాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలను గుర్తించి ఉచితంగా వైద్యం అందించడం ఈ పథకం పని.

మామూలు ఓపీకి దీనికి తేడా ఏంటంటే, డీఈఐసీకి నిర్దేశించిన సిబ్బందిలో పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, ఆడియాలజిస్ట్ కమ్ స్పీచ్ థెరపిస్ట్, సైకాలజిస్ట్, దంత వైద్యులు, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్ అందరూ ఉంటారు. గొట్టం మాన్పించడానికి కావలసింది సరిగ్గా ఇలాంటి టీమే. మెడ నిలబెట్టడానికి ఫిజియో, మింగడానికి స్పీచ్ థెరపిస్ట్, బరువు చూడటానికి పిల్లల డాక్టర్. కాగితం మీద ఉన్న పోస్టులన్నీ ప్రతి కేంద్రంలో నిండి ఉంటాయని అనుకోవద్దు. వెళ్లేముందు స్పీచ్ థెరపిస్ట్ ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. ఆ పోస్టు ఖాళీగా ఉంటే 'మరి ఎక్కడికి రిఫర్ చేస్తారు?' అని అడిగి, రిఫరల్ రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది కాకుండా కాగితం చేతిలో ఉంటే పై ఆస్పత్రిలో పని సులువవుతుంది.

డీఈఐసీకి చేరడానికి దారులు మూడు నాలుగున్నాయి. ఆర్‌బీఎస్‌కే మొబైల్ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. వాళ్లు రిఫర్ చేస్తారు. ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టర్ కూడా పంపొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అంగన్‌వాడీ గడప తొక్కని కుటుంబమైతే ఈ బృందం కంట పడే అవకాశం తక్కువ. అలాంటివారు డిశ్చార్జి కాగితాలు పట్టుకుని జిల్లా ఆస్పత్రికి వెళ్లి డీఈఐసీ ఎక్కడని అడగడమే మేలు.

హైదరాబాద్, దాని చుట్టుపక్కల ఉండేవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఇది. అదే ప్రాంగణంలో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. 2021లో కేంద్రం దేశవ్యాప్తంగా 14 చోట్ల ఆరేళ్ల లోపు పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు తెరిచినప్పుడు సికింద్రాబాద్, నెల్లూరు ఆ జాబితాలో ఉన్నాయి. కోస్తా, రాయలసీమల వారు నెల్లూరులోని సీఆర్‌సీని గుర్తుపెట్టుకోవచ్చు.

నోట్లో ముద్ద పెట్టకముందే మొదలయ్యే పని

నెలల తరబడి గొట్టంతో ఉన్న బిడ్డకు నోరంటే భయం పట్టుకుంటుంది. ఆ నోట్లోకి వచ్చినవేంటో ఆలోచించండి. సక్షన్ పైపు, ట్యూబు, చేదు మందు, వాంతి. ఇక చెంచా కనబడగానే మొహం తిప్పేయకుండా ఎలా ఉంటుంది?

అందుకే థెరపీ చాలాసార్లు తిండితో కాకుండా తాకడంతో మొదలవుతుంది. ముందు చేతులు, తర్వాత చెంపలు, తర్వాత పెదాలు. బిడ్డ ఒప్పుకున్నంత మేరకే. తన వేళ్లు తనే నోట్లో పెట్టుకోనివ్వాలి. బొమ్మలు కొరకనివ్వాలి. పెరుగు గిన్నెలో చెయ్యి పెట్టి చిందరవందర చేస్తే చేయనివ్వాలి. ఇల్లు పాడవుతుంది, తప్పదు.

గొట్టంలో పాలు పోసేటప్పుడు బిడ్డను పక్క గదిలో మంచం మీద ఉంచకండి. అందరూ తినే వేళకు తెచ్చి మీ మధ్య కూర్చోబెట్టి పోయండి. తాలింపు వాసన, కంచాల చప్పుడు, అన్న తింటున్న తీరు.. ఇవన్నీ పాఠాలే. కడుపు నిండే సమయానికి నోట్లో తియ్యని పాల రుచి తగిలితే ఆ రెండింటికీ సంబంధం ఉందని మెదడు నేర్చుకుంటుంది. థెరపిస్ట్ సరేనన్నాకే ఆ చుక్క రుచి చూపించాలి.

పళ్లు తోమడం మానొద్దు. నోటితో తినట్లేదు కదా అని వదిలేస్తే నోట్లో క్రిములు పెరుగుతాయి. అవి చొల్లుతో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మెత్తని బ్రష్‌తో, తల కాస్త ముందుకు వంచి, రోజుకు రెండుసార్లు తోమండి.

ఇక కూర్చోబెట్టే తీరు. మన ఇళ్లలో పిల్లల్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోయడం అలవాటు. తాగకపోతే ముక్కు మూసి పోయడమూ చూస్తుంటాం. మింగడంలో ఇబ్బంది ఉన్న బిడ్డకు ఇంతకన్నా ప్రమాదకరమైన పద్ధతి లేదు. తల వెనక్కి వాలితే గాలి గొట్టం తెరుచుకుంటుంది, పోసినది నేరుగా అటు జారిపోతుంది. బిడ్డ నిటారుగా కూర్చోవాలి. నడుము, మోకాళ్లు మడిచి, పాదాల కింద ఆధారం ఉండాలి. గడ్డం కొంచెం కిందకు ఉండాలి. మీరు పైనుంచి కాకుండా ఎదురుగా, బిడ్డ కళ్ల ఎత్తులో కూర్చోండి. మెడ నిలవని పిల్లలకు తగిన కుర్చీ ఎలా అమర్చాలో ఫిజియోథెరపిస్ట్ చూపిస్తారు. మూల గోడకు దిండ్లు పేర్చి చేసుకున్న సీటుతో నెట్టుకొచ్చే ఇళ్లూ ఉన్నాయి.

చారన్నం ఎందుకు కష్టం?

మన దగ్గర బిడ్డకు మొదట పెట్టేది పలుచని చారన్నం, పాలల్లో నానిన ఇడ్లీ, నీళ్లు. మింగడం బలహీనంగా ఉన్న బిడ్డకు ఇవే గట్టి పరీక్షలు. నీళ్లు నాలుక మీద నిలవకుండా వేగంగా గొంతులోకి పారతాయి. గొంతు మూసుకునేలోపే చేరిపోతాయి. చారన్నంలో రెండు రకాలు కలిసి ఉంటాయి. చారు ముందే జారిపోతుంది, మెతుకులు నోట్లో మిగిలిపోతాయి. రెండింటినీ ఒకేసారి సంభాళించడం నేర్పున్న నోటికే సాధ్యం.

ఆహారం ఎంత చిక్కగా ఉండాలో మాటల్లో చెబితే ఒక్కో ఇంట్లో ఒక్కోలా అర్థమవుతుంది. అందుకే ప్రపంచవ్యాప్తంగా ఐడీడీఎస్ఐ అనే ఒక కొలమానం వాడుతున్నారు. ఇందులో 0 నుంచి 7 దాకా స్థాయిలున్నాయి. 0 అంటే నీళ్లు, 7 అంటే మామూలు భోజనం. ఇంట్లోనే కొలవొచ్చు. గొట్టం వాడే ఇంట్లో సిరంజికి కొదవుండదు కదా. 10 మి.లీ. సిరంజి ప్లంజర్ తీసేసి, కింది రంధ్రం వేలితో మూసి, 10 మి.లీ. జావ పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 మిగిలితే స్థాయి 1. 4 నుంచి 8 అయితే స్థాయి 2. 8 దాటితే స్థాయి 3. అసలు కదలకపోతే అది చెంచాతో తినే గుజ్జు కింద లెక్క. సిరంజి మీద 0 నుంచి 10 గీతల మధ్య దూరం 61.5 మి.మీ. ఉన్నదే ఈ పరీక్షకు సరిపోతుంది. స్కేలుతో ఒకసారి కొలుచుకోండి, కొన్ని బ్రాండ్లలో తేడా ఉంటుంది.

చాలామంది పిల్లలకు థెరపిస్టులు మొదట సూచించేది స్థాయి 4. ఉండలు లేని మెత్తని గుజ్జు. చెంచా పక్కకు వంచితే ఒక్క ముద్దగా జారిపడాలి, చెంచాకు జిగురులా అంటుకోకూడదు. మన వంటింట్లో దీనికి లోటు లేదు. బాగా మెదిపి జల్లెడ పట్టిన ముద్దపప్పు అన్నం, నెయ్యి వేసిన చిలగడదుంప గుజ్జు, చిక్కని రాగి జావ, గిలక్కొట్టిన గడ్డపెరుగు, సపోటా గుజ్జు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడిని కూడా చిక్కగా, ఉండలు కట్టకుండా కలిపి ఇవ్వొచ్చు. ఒక చెంచా నెయ్యో నూనెనో వేస్తే అదే పరిమాణంలో ఎక్కువ శక్తి అందుతుంది. నాలుగు చెంచాలు తినడానికే అలిసిపోయే బిడ్డకు ఇది ముఖ్యం.

తర్వాతి మెట్టు స్థాయి 5. ఇందులో సన్నని పలుకులు ఉండొచ్చు. కానీ పిల్లలకు వాటి వెడల్పు 2 మి.మీ. దాటకూడదు. వేరుశనగ గుళ్లు, మరమరాలు, ద్రాక్షపళ్లు, గట్టి చపాతీ ముక్కలు ఈ దశలో ఇంట్లో బిడ్డకు అందేచోట కూడా ఉంచొద్దు. చిక్కదనం కోసం మార్కెట్లో దొరికే థికెనర్ పొడులను, ముఖ్యంగా ఏడాది లోపు పిల్లలకు, డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. ఏడాది లోపు తేనె నాకించడమూ వద్దు.

ఒకవేళ ముద్ద అడ్డుపడి బిడ్డ ఊపిరాడక, ఏడవలేక ఇబ్బంది పడితే నీళ్లు పోయకండి. ఏడాది లోపు బిడ్డయితే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసి వీపు మధ్య ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదు నొక్కులు. అడ్డం పోయేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ 108కి ఫోన్ చేయించండి. పెద్ద పిల్లలకు వేరే పద్ధతి. తినిపించడం మొదలుపెట్టేముందే ఇంట్లో ఇద్దరైనా డీఈఐసీలోనో ఆస్పత్రిలోనో ఇది నేర్చుకోవాలి.

'నాలుగు రోజులు తీసేస్తే అదే తింటుంది'

ఈ సలహా మీకు ఇప్పటికే ఎవరో ఒకరు ఇచ్చి ఉంటారు. అన్నప్రాశన ఎప్పుడని అడిగే చుట్టాలో, మంచి మనసున్న పక్కింటివారో. అందులో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం.

నిజం ఏంటంటే, గొట్టంతో కడుపు ఎప్పుడూ నిండుగా ఉన్న బిడ్డకు ఆకలి అంటే ఏంటో తెలియదు. ఆకలి తెలియని బిడ్డ నోరు తెరవదు. గొట్టం మాన్పించే పద్ధతుల్లో ఆకలిని తిరిగి తెప్పించడం కీలకం. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర ఆస్పత్రి ఈ తరహా చికిత్సకు పేరు పొందింది. అక్కడ కూడా గొట్టం పాలు తగ్గించేది వైద్య బృందం కళ్లెదుటే, అదీ మింగడం సురక్షితమని తేలిన పిల్లలకే.

మింగలేని బిడ్డను ఆకలితో ఉంచితే ఆకలి పెరుగుతుంది కానీ మింగడం రాదు. నీరసం, డీహైడ్రేషన్, చక్కెర పడిపోవడం, మందులు తప్పిపోవడం.. చివరికి మళ్లీ ఆస్పత్రి. సుమారు 10 కిలోల బిడ్డకు రోజుకు 1,000 మి.లీ. దాకా ద్రవం కావాలి. నోటితో ఎన్ని చెంచాలు వెళితే ఆ లెక్క పూర్తవుతుందో ఒకసారి లెక్కేసుకోండి.

అందుకే తగ్గించడం మెట్లుమెట్లుగా ఉంటుంది. రోజంతా కొద్దికొద్దిగా పోస్తుంటే ముందు వాటిని భోజనం వేళలకు సర్దుతారు. ఉదాహరణకు రోజుకు ఆరుసార్లు 150 మి.లీ. చొప్పున పోస్తున్నారనుకోండి. మొదట నోటితో తినిపించాక గొట్టంలో పోసే అలవాటుకు మారుస్తారు. తిన్నది కొలిచి, అంతమేరకు తర్వాతి గొట్టం పాలు తగ్గిస్తారు. కొందరికి రాత్రి పూట గొట్టంతో ఇచ్చి, పగలు ఆకలి వేసేలా చూస్తారు. ఎంత తగ్గించాలి, బరువు ఎంత తగ్గితే వెనక్కి వెళ్లాలి అన్నది మొదలుపెట్టే రోజే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. తర్వాత వాదనలుండవు. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూడాలి. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఆ రోజు తగ్గించడం ఆపి ఫోన్ చేయాలి.

ఈ దశలో పంతం పనికిరాదు. బిడ్డ మొహం తిప్పిందంటే చాలని చెప్పినట్టే. టీవీ చూపిస్తూ ఏమరుపాటున కుక్కిన ముద్ద ఆ పూటకు కడుపులోకి వెళ్లొచ్చు, మర్నాడు మాత్రం నోరు తెరవదు.

పెగ్ పెడతామంటే ఇక ఆశ లేనట్టా?

కాదు. ముక్కు గొట్టం నాలుగు నుంచి ఆరు వారాలు దాటి అవసరమయ్యేలా ఉంటే, పొట్ట మీద చిన్న రంధ్రం ద్వారా నేరుగా కడుపులోకి పెట్టే పెగ్ గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. 'ఆపరేషనా?' అని వెనకడుగు వేసే తల్లిదండ్రులను అర్థం చేసుకోవచ్చు. కానీ నోటితో తినడం నేర్పే కోణంలో చూస్తే పెగ్ ఒక్కోసారి దగ్గరి దారి. గొంతులో గొట్టం లేకపోతే మింగడం హాయిగా ఉంటుంది. ముక్కులో మళ్లీ మళ్లీ ట్యూబ్ దించే హింస తప్పుతుంది. మొహం మీద ప్లాస్టర్ ఉండదు. నోటితో తింటూనే తక్కువైనంత పెగ్ ద్వారా ఇవ్వొచ్చు.

ముక్కు గొట్టంతోనే కొనసాగుతుంటే, ప్రతిసారీ పాలు పోసేముందు అది కడుపులోనే ఉందో లేదో చూడాలి. సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి పీహెచ్ స్ట్రిప్ మీద వేస్తే 5.5 లేదా అంతకంటే తక్కువ చూపాలి. గాలి పంపి స్టెతస్కోప్‌తో శబ్దం వినడం ఒక్కటే నమ్మదగిన పరీక్ష కాదు. మామూలు పీవీసీ గొట్టాలు వారం పది రోజుల్లోనే గట్టిపడతాయి. సిలికాన్, పాలీయురేథేన్ రకాలు కొన్ని వారాలు ఉంటాయి. మీ బిడ్డకు పెట్టింది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

కాగితాలు, డబ్బులు

సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. సదరం శిబిరం స్లాట్ల గురించి తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. గొట్టంతో ఉన్న బిడ్డను క్యూలో గంటలు కూర్చోబెట్టలేమని ముందే చెప్పి, ఫీడ్ వేళకు అడ్డురాని స్లాట్ అడగడంలో తప్పులేదు.

సర్టిఫికెట్ వచ్చాక తెలంగాణలో నెలకు రూ.4,016, ఆంధ్రప్రదేశ్‌లో రూ.6,000 దివ్యాంగుల పింఛనుకు అర్హతలను బట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగులు పాత పన్ను విధానంలో ఉంటే, వైకల్యం ఉన్న బిడ్డ పోషణ కింద రూ.75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే రూ.1.25 లక్షలు మినహాయింపు కోరవచ్చు.

నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా చాలామందికి తెలియదు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి రూ.లక్ష వరకు కవర్ ఇస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు. ఇప్పటికే జబ్బు ఉందని తోసిపుచ్చరు. ఓపీ ఖర్చులకు, థెరపీలకు కూడా పరిమితి మేరకు డబ్బు వెనక్కి వస్తుంది. అంటే ముందు మీరు కట్టి, బిల్లులు జతచేసి తెచ్చుకోవాలి. కాబట్టి థెరపీ రసీదులు, ప్రిస్క్రిప్షన్లు ఒక్కటీ పారేయొద్దు. ఏటా రెన్యూవల్ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పెగ్ ఆపరేషన్ అవసరమైతే ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలిసి, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవలో మీ బిడ్డ సమస్యకు ఏ ప్యాకేజీ వర్తిస్తుందో అడ్మిషన్‌కు ముందే తేల్చుకోండి.

గొట్టం తీసేది ఎప్పుడు?

ఒక వారం బాగా తిన్నంత మాత్రాన తీయరు. తిండి, నీళ్లు, మందులు మూడూ నోటితోనే వెళ్తూ, కొన్ని వారాల పాటు బరువు నిలబడాలి. చాలామంది పిల్లల్లో చివరిదాకా మిగిలేవి నీళ్లు, మందులే. జ్వరం వచ్చినప్పుడు ఎలా ఉందో కూడా డాక్టర్లు చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తినే బిడ్డ జలుబు చేయగానే మానేయొచ్చు. అందుకే పెగ్ ఉన్న పిల్లలకు వాడకపోయినా కొన్ని నెలలు ఉంచేస్తారు. వాడని పెగ్‌ను కూడా రోజూ నీళ్లతో కడగాలి. అది పొరపాటున ఊడివస్తే రేపు చూద్దామనుకోవద్దు. రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోవడం మొదలవుతుంది. ఊడిన గొట్టం కవర్లో వేసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అందరు పిల్లలూ పూర్తిగా గొట్టం మానేయలేరు. తీవ్ర సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరికి మింగడం ఎప్పటికీ సురక్షితం కాకపోవచ్చు. అలాంటి బిడ్డకు కూడా పండగపూట పరమాన్నం రుచి నాలుక మీద తగిలించే మార్గం ఉందా అని థెరపిస్ట్‌ను అడగొచ్చు. ఎంత, ఎలా, ఏ భంగిమలో అన్నది వాళ్లు చూపిస్తారు.

డీఈఐసీకి మొదటిసారి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ, ఛాతీ ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల పేర్లు, గత మూడు రోజుల్లో ఏ వేళకు ఎన్ని మి.లీ. పోశారో రాసిన కాగితం, బిడ్డ తింటున్నప్పుడు తీసిన వీడియో తీసుకెళ్లండి. బిడ్డ రోజూ వాడే చెంచా, గిన్నె కూడా సంచిలో వేసుకోండి. థెరపిస్ట్ అడిగే మొదటి వస్తువులు అవే కావచ్చు.